తెల్ల అక్షరాల టర్నిప్

ఊరి తాగునీటికి కాపలా కాసే ప్రోగ్రామ్‌లో, ముప్పై ఒకటో పేజీ మధ్యన, మూడేళ్ల కిందట తాను కాపీరాయుళ్ల కోసం పెట్టిన ఎర కనిపించింది మార్లిస్ హౌతలాకు.

టర్నిప్.

ఒక దుంప పేరు. నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో చూసే ప్రోగ్రామ్‌లో ఆ దుంపకు పనేమీ లేదు. లేదు గనకనే ఆమె దాన్ని ఎంచుకుంది. బుద్ధి ఉన్న మనిషెవరూ తనంతట తాను అక్కడ రాయని మాట అది.

ఆమె పెన్సిల్ కింద పెట్టింది. బల్లకు అవతల కూర్చున్న వెండెల్ ట్రస్కాట్ మాంసం కూరిన పాస్టీ నమలడం ఆపేశాడు.

"మొహం అలా పెట్టారేంటి మేడమ్? నా పని అయిపోయినట్టేనా?"

"ముందు నోట్లోది మింగు. నా కాగితాల మీద కెచప్ పడుతోంది."

వెండెల్‌కు యాభై ఐదేళ్లు. కాపర్ బ్లఫ్ నీటి ప్లాంటును ఇరవై రెండేళ్లుగా ఒక్కడే నడుపుతున్నాడు. పదకొండు రోజులుగా నడపడం లేదు. ఇంట్లో కూర్చోమన్నారు. ఎల్లుండి, గురువారం పదింటికి, నీటి బోర్డు ముందు విచారణ. అందులో తప్పు అతనిదని తేలితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోయిన ఆపరేటర్‌ను మిషిగన్ మొత్తంలో ఏ ప్లాంటూ గుమ్మం ఎక్కనివ్వదు.

జరిగింది ఇది. మార్చి చివరి శుక్రవారం సాయంత్రం ప్లాంటు కప్పు మీది మంచుపెళ్ల ఒకటి జారి, గోడకున్న కరెంటు పెట్టె మీద పడింది. క్లోరిన్ పంపు ఆగింది. క్లోరిన్‌ను కొలిచే సెన్సర్ కూడా ఆగింది. ప్రోగ్రామ్ తెర మీద మాత్రం 1.2 అనే అంకె చక్కగా వెలుగుతూనే ఉంది. శనివారం 1.2. ఆదివారం 1.2. అంతకుముందు శని, ఆదివారాల్లో కూడా వెండెల్ వెళ్లి చేత్తో పరీక్ష చేసేవాడు. కొత్త ప్రోగ్రామ్ వచ్చాక బోర్డు దాన్ని మాన్పించింది. తెర చూస్తుంటే మనిషెందుకు అన్నారు.

సోమవారం ఉదయం ఏడింటికి వెండెల్ సీసాలో నీళ్లు పట్టి పొడి కలిపాడు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. రాలేదు. కోటు విప్పకుండానే పరిగెత్తి వాల్వు కట్టేశాడు. నీళ్లు కాచుకుని తాగండని ఊరంతా చాటించాడు. అప్పటికే వృద్ధాశ్రమంలో పదకొండు మంది మంచం పట్టారు. ఒకావిడ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

ఊరికి ఎవరో ఒకరి మెడ కావాలి. ప్రోగ్రామ్ రాసిచ్చిన పెద్దమనిషి నాలుగు రోజుల్లో ఒక నివేదిక సమర్పించాడు. ప్రోగ్రామ్‌లో లోపం లేదట. శుక్రవారం నాలుగూ పదికి ఆపరేటర్ తన ఫోన్‌లో అలారం నోరు నొక్కేశాడట. వెండెల్ ఆ సమయానికి ఒక అలారం ఆపిన మాట నిజమే. అది ప్లాంటు వెనక తలుపు తెరుచుకుందని మోగింది. తలుపు తెరిచింది తనే, చెత్తబుట్ట బయట పెట్టడానికి.

విచారణకు ముందు ఇవ్వాల్సిన కాగితాల్లో భాగంగా ఆ ప్రోగ్రామ్‌ను నలభై పేజీలు అచ్చు తీసి వెండెల్ చేతిలో పెట్టారు. నీళ్ల గొట్టాలు చూసుకునేవాడికి ఇదేం అర్థమవుతుందిలే అని ధైర్యం. ఆ ధైర్యం చేసినవాళ్లకు తెలియనిది ఒకటుంది. మూడేళ్ల కిందట వెండెల్ సాయంత్రం క్లాసులో చేరి మార్లిస్ దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. అత్తెసరు మార్కులతోనే, కానీ నేర్చుకున్నాడు.

"ఇది రాసిందెవరు?" అంది మార్లిస్. తెలిసే అడిగింది.

"మీ బాసే. వాండర్‌మోలెన్ గారు."

బ్రెంట్ వాండర్‌మోలెన్, కాలేజీలో కంప్యూటర్ విభాగాధిపతి. ఊళ్లో వ్యాపారుల మధ్యాహ్న భోజనాలన్నింటిలోనూ అతనిదే ఉపన్యాసం. ఎప్పుడూ ఒకటే ఉపన్యాసం. ఇక ఎవరూ ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదు, కావలసింది అడగడం వస్తే చాలు, ఏఐ రాసి పెడుతుంది అని. మార్లిస్ క్లాసును అతను మ్యూజియం అంటాడు. ఎందుకంటే ఆమె మొదటి మూడు వారాలు పిల్లలను కంప్యూటర్ ముట్టుకోనివ్వదు. కాగితం, పెన్సిల్, అంతే. ప్రోగ్రామ్‌లోని ఒక్కో పేరుకు ఒక్కో గడి గీయాలి. ఒక్కో లైనూ చదువుతూ గడిలో అంకె వేయాలి. అంకె మారితే పాతది కొట్టేసి కొత్తది వేయాలి. యంత్రం ఏం చేస్తుందో చేత్తో నడిచి చూడాలి. ఆమె దాన్ని పెన్సిల్ నడక అంటుంది. పిల్లలు దాన్ని ఇంకేదో అంటారు, ఆమె వినపడనట్టు ఉంటుంది.

ముప్పై ఒక్కేళ్లు పాఠాలు చెప్పాక మార్లిస్‌కు పిల్లల మీద పెద్ద భ్రమలు లేవు. ఈ మధ్య చిన్నవి కూడా లేవు. ఇంటిపని ఇస్తే ప్రశ్న చదవడం కూడా మానేశారు. మొత్తం కాగితాన్ని కాపీ చేసి ఏఐకి అప్పగించడం, అది ఇచ్చినదాన్ని తెచ్చి ఆమెకు అప్పగించడం. మధ్యలో వాళ్ల బుర్ర గుండా ఒక్క అక్షరమైనా వెళ్లదు. టపా మోసేవాడు కూడా కవరు మీద చిరునామా చదువుతాడు కదా అని ఆమె చిరాకు.

అందుకని ఆమె ఎర పెట్టడం మొదలుపెట్టింది. ప్రశ్నపత్రం ఫైల్లో, తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో ఒక వాక్యం. కంటికి కనబడదు. ప్రశ్నను తన కళ్లతో చదివి, తన చేత్తో రాసుకునేవాడికి దాని గొడవే లేదు. మొత్తం కాపీ చేసి అతికించేవాడితో మాత్రం ఆ తెల్ల వాక్యం కూడా బయలుదేరి ఏఐ దగ్గరికి వెళుతుంది. అందులో చెప్పిన కూరగాయ పేరును ఏఐ బుద్ధిగా జవాబులో పెడుతుంది. టర్ముకో కూరగాయ. ఒకసారి ముల్లంగి, ఒకసారి గుమ్మడి. మూడేళ్ల కిందటి సాయంత్రం క్లాసుకు టర్నిప్. ఏ కూరగాయ పట్టుబడితే దొంగతనం ఏ టర్ముదో తేదీతో సహా చెప్పవచ్చు.

ఆ టర్ములో ఇరవై ఆరుగురు విద్యార్థులు. పద్నాలుగు టర్నిప్‌లు.

పద్నాలుగు మందికీ సున్నాలు వేసింది. బ్రెంట్ ఆ సున్నాలన్నీ కొట్టేశాడు. ఫీజు కట్టే పిల్లలను అనుమానించకూడదన్నాడు. "ఎలా పట్టుకున్నానో చెబుతాను వినండి," అని ఆమె అంటే, "మీ పద్ధతులు నాకెందుకు మార్లిస్ గారూ, ఫలితాలు చూద్దాం," అని లేచిపోయాడు.

వినాల్సింది.

కానీ ఇప్పుడు మార్లిస్ చూస్తున్నది బ్రెంట్ పేరు వైపు కాదు. ఆ సాయంత్రం క్లాసులోనే ఎదురుగా కూర్చున్న వెండెల్ కూడా ఉన్నాడు. పైగా టర్నిప్ దాచిన ఆ ప్రశ్న నీళ్ల ట్యాంకు గురించే. సెన్సర్ రీడింగులు, అలారాలు, హద్దులు, అన్నీ అసలు ప్లాంటువే కావాలని వెండెల్‌నే అడిగి రాసుకుంది.

"వెండెల్, ఒకటి అడుగుతా, సూటిగా చెప్పు. ఈ ప్రోగ్రామ్‌లో నీ చెయ్యేమైనా ఉందా? నీ పాత ఇంటిపని ఎవరికైనా ఇచ్చావా?"

వెండెల్ మొహం గట్టిపడింది. "నన్ను అనుమానిస్తున్నారా?"

"ఇప్పుడు అందర్నీ అనుమానిస్తున్నా. నన్ను కూడా."

ఆమె లేచి ఇనప బీరువా తీసింది. ముప్పై ఒక్కేళ్ల కాగితాలు. ట్రస్కాట్, డబ్ల్యూ. పసుపు కాగితాల మీద పెన్సిల్‌తో, పారతో తవ్వినంత బలంగా రాసిన అక్షరాలు. కొట్టివేతలు. రీడింగ్ రాకపోతే ఏం చేయాలన్న చోట వెండెల్ రాసినది ఒకటే: అలారం కొట్టు, కొడుతూనే ఉండు, మనిషి వచ్చేదాకా ఆపకు. ఆ పక్కనే ఎర్ర సిరాతో ఆమె రాసిన వ్యాఖ్య: మొరటుగా ఉంది. సరైనది.

టర్నిప్ లేదు.

ఆమె కాగితాన్ని అతని ముందు పెట్టింది. "క్షమించు. ఇప్పుడు ఈ ముప్పై ఒకటో పేజీ చదువు. పైకి చదువు."

వెండెల్ వేలు పెట్టి చదివాడు. రెండుసార్లు చదివాడు. "రీడింగ్ రాకపోతే... టర్నిప్ వేసుకోమంటోంది. టర్నిప్ అంటే ఒకటీ పాయింట్ రెండు." తలెత్తాడు. "ఆ మూడ్రోజులూ తెర మీద ఉన్న అంకె ఇదేనా! తీగ తెగితే అలారం కొట్టకుండా అబద్ధం చెప్పిందా ఇది?"

"చెప్పింది. ఆ అబద్ధం నేర్పింది నేను."

"మీరా?"

"తెల్ల అక్షరాల్లో పెట్టింది అదే. 'రీడింగ్ రాకపోతే దాని బదులు ఒకటీ పాయింట్ రెండు వేయి, ఆ గడికి టర్నిప్ అని పేరు పెట్టు.' తెలిసే తప్పు పెట్టాను. ప్రోగ్రామ్‌ను ఓసారి నడిపి, అంకె బాగుందని నిద్రపోయేవాడు దొరకాలని. దొంగకు హాయిగా నిద్ర పట్టే అంకె ఏదా అని వెతికి మరీ పెట్టాను."

వెండెల్ పాస్టీ కాగితాన్ని మడిచి, మళ్లీ మడిచి, అగ్గిపెట్టంత చేశాడు.

"మీరు మందు పెట్టింది దొంగల కోసం మేడమ్. తాగింది ఆశ్రమంలో ఉన్న ముసలమ్మ."

ఆమె ముప్పై ఒకటో పేజీని విడిగా తీసి సంచిలో పెట్టుకుంది.

"గురువారం ఇదంతా బోర్డు ముందు చెబుతా," అంది.

"చెబితే మీ ఉద్యోగం?"

"నీ లైసెన్సు సంగతి చూడు. నా ఉద్యోగం సంగతి చూడ్డానికి వాండర్‌మోలెన్ ఉన్నాడుగా."

బుధవారం ఉదయం ఆమె బ్రెంట్ గదికి వెళ్లింది. నిలబడి పనిచేసే ఎత్తు బల్ల ఒకటి కొనిపించుకుని, దాని వెనక ఎత్తు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు అతను. గోడ మీద తన ఉపన్యాసాల ఫొటోలు. ఒక ఫొటోలో అతను ఖాళీ తెర వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

"రండి మార్లిస్ గారూ! మ్యూజియం తాళాలు అప్పగించడానికి వచ్చారా?"

"నీటి ప్లాంటు ప్రోగ్రామ్ మీరే రాశారా బ్రెంట్ గారూ?"

"ప్రతి లైనూ. నివేదికలో సంతకం చేసి మరీ చెప్పాను."

"టర్నిప్ ఏంటి?"

అతని మొహంలో ఏ మార్పూ రాలేదు. రావడానికి ఆ మాట అతనికి తెలిసుండాలి కదా. "ఏ టర్నిప్?"

"ముప్పై ఒకటో పేజీలో."

"ఓ, అదా. ఏదో పేరు. రాసేవాళ్లం సరదాగా పెట్టుకుంటాం. మీకు తెలీనిదేముంది?"

"తెలుసు. ఎందుకంటే ఆ సరదా నాది." ఆమె తెల్ల అక్షరాల సంగతి మొత్తం చెప్పింది. దాచలేదు. దాచి దెబ్బ కొట్టడం ఒకసారి చేసింది, చాలు.

ఈసారి మొహం మారింది. అయితే ఆమె అనుకున్నంత సేపు కాదు. బ్రెంట్ కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపటికి చిరునవ్వు కూడా తెచ్చుకున్నాడు.

"అంటే మార్లిస్ గారూ, ఒక టీచరు పాఠంలో కావాలని ప్రమాదకరమైన తప్పు పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. దానివల్ల పదకొండు మంది మంచం పట్టారు. ఇదేనా మీరు రేపు చెప్పబోయేది?"

"అది కూడా చెబుతా."

"పింఛనుకు ఇంకెంత? ఒక్క ఏడాదా?" గొంతులో బోలెడు జాలి పోసుకున్నాడు. "నా మాట వినండి. మూడేళ్లనాటి ఫైలు ఎవరడుగుతారు? అందులో తెల్లగా ఏముందో ఎవరికి కావాలి? ఆ వెండెల్‌కి లైసెన్సు లేకపోతే ఇంకో పని దొరుకుతుంది. కొట్లో సరుకులు సర్దుకుంటాడు. చేపలు పట్టుకుంటాడు. మంచి మనిషి, ఎలాగైనా బతుకుతాడు."

ముప్పై ఒక్కేళ్లలో ఆమె చాలామంది బద్ధకస్తులను చూసింది. చదవకుండా పరీక్షకు వచ్చి, పక్కవాడి కాగితంలోకి మెడ చాచినవాళ్లను చూసింది. వాళ్లకు కనీసం మెడ నొప్పి పుట్టేది.

"ఆ ఫైలు మీ ఆఫీసులోనే ఉంది," అంది గుమ్మం దగ్గర ఆగి. "మీరు ఆమోదించి సంతకం పెట్టినది. రేపు పదింటికి."

గురువారం పొద్దున మళ్లీ మంచు పడింది. ఏప్రిల్ అయితే ఏం, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఊరి హాల్లో మడత కుర్చీలన్నీ నిండాయి. ముందు బల్ల దగ్గర బోర్డు సభ్యులు ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు డెనీజ్ పాకెట్. ఇనప సామాన్ల కొట్టు నడుపుతుంది. అరువు అడిగినవాణ్ణి ఎలా చూస్తుందో అందరినీ అలాగే చూస్తుంది.

బ్రెంట్ నీలం కోటులో వచ్చాడు. నివేదిక చదివాడు. 'సమగ్రమైన' అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. వెండెల్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. చివర, "మానవ తప్పిదం విచారకరం," అని కూర్చున్నాడు.

"వెండెల్, నువ్వేమంటావ్?" అంది డెనీజ్.

"నేను తలుపు అలారం ఆపానమ్మా. ఇంకేదీ మోగలేదు. మిగతాది మా మేడమ్ చెబుతారు."

మార్లిస్ లేచి ముందుకొచ్చింది. ఉపోద్ఘాతం లేదు.

"ఆ మూడు రోజులూ తెర మీదున్న ఒకటీ పాయింట్ రెండు నాది. నేను పెట్టిన తప్పు. మూడేళ్ల కిందట ఒక ప్రశ్నపత్రంలో దాచాను. అది మీ నీళ్లలోకి ఎలా వచ్చిందో చూపిస్తాను. నా సంగతి తర్వాత తేల్చండి."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. బ్రెంట్ తల అడ్డంగా ఊపాడు, పాపం అన్నట్టు.

మార్లిస్ కోరితే విభాగం ఆఫీసు నుంచి బోర్డు ముందురోజే తెప్పించుకున్న ఫైలును డెనీజ్ గోడ మీది తెరపైకి ఎక్కించింది. నీళ్ల ట్యాంకు ప్రశ్న. అడుగున తేదీ, ఆమోదించినట్టు బ్రెంట్ పొట్టి సంతకం. ప్రశ్న అయిపోయాక నాలుగు వేళ్ల ఖాళీ.

"ఏముందిక్కడ? ఏమీ లేదు," అంది డెనీజ్.

"అంతా ఒకేసారి ఎంచుకోండి. కాపీ చేసేవాళ్లు చేసేది అదే."

డెనీజ్ మీట నొక్కింది. పేజీ అంతా నీలం పరుచుకుంది. ఖాళీ అనుకున్న చోట, ఆ నీలం మీద, తెల్లటి వాక్యం తేలింది. వెనక వరసలో ఎవరో, "ఓరి దేవుడా," అన్నారు. దాని చివర్లో టర్నిప్.

డెనీజ్ ముప్పై ఒకటో పేజీ తీసి చూసుకుంది. తెర వైపు చూసింది. మళ్లీ పేజీ చూసింది. బ్రెంట్ వైపు తిరిగింది.

"ఇవి రెండూ ఒకటే ఎలా అయ్యాయి వాండర్‌మోలెన్ గారూ?"

బ్రెంట్ లేచాడు. తడబడలేదు. "ఆ ప్రశ్నపత్రం నేను చదివి ఆమోదించాను కదండీ. పేరు మనసులో ఉండిపోయి ఉంటుంది. రాసేటప్పుడు అలవాటుగా వచ్చింది. పేరులో ఏముంది? ప్రోగ్రామ్ మాత్రం నాదే. ప్రతి లైనూ నాకు తెలుసు."

"ప్రతి లైనూ," అంది మార్లిస్.

"ప్రతి లైనూ."

"అయితే చిన్న ప్రశ్న. సెన్సర్ తీగ తెగిపోతే మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?"

"ఇదేం ప్రశ్న? అలారం కొడుతుంది."

మార్లిస్ సంచిలోంచి రెండు పసుపు కాగితాలు, రెండు పెన్సిళ్లు తీసింది. ముప్పై ఒకటో పేజీ నుంచి ఐదే ఐదు లైన్లు పెద్ద అక్షరాలతో రెండు కాగితాల మీదా రాసుకొచ్చింది. ఒకటి వెండెల్ ముందు పెట్టింది. ఒకటి బ్రెంట్ ముందు.

"నడవండి. ఒక్కో లైనూ. నా క్లాసులో మొదటి వారం పని ఇది."

"ఇది విచారణా, బడా?" అన్నాడు బ్రెంట్ డెనీజ్‌తో, నవ్వు కోసం హాలంతా చూస్తూ. ఎవరూ నవ్వలేదు.

"నాకూ చూడాలనుంది," అంది డెనీజ్. "ముందు వెండెల్."

వెండెల్ పెన్సిల్ మొన నాలుకకు తాకించుకున్నాడు. గడి గీశాడు. వాల్వు తిప్పేటప్పుడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడాడు, ఎవరి కోసమూ కాకుండా.

"ఒకటో లైను. సెన్సర్ నుంచి రీడింగ్ తీసుకో. తీగ తెగింది, ఏమీ రాలేదు. గడి ఖాళీ. రెండో లైను. గడి ఖాళీగా ఉంటే టర్నిప్ వేసుకో. వేశాను, ఒకటీ పాయింట్ రెండు. మూడో లైను. గడిలో ఉన్నది అర కంటే తక్కువైతే అలారం కొట్టు. తక్కువ కాదు. కొట్టను. నాలుగో లైను. గడిలో ఉన్నది తెర మీద చూపించు. చూపించాను, ఒకటీ పాయింట్ రెండు. ఐదో లైను. నిమిషం ఆగి మళ్లీ మొదటికి పో." పెన్సిల్ ఆపాడు. "ఇంక ఇంతేనమ్మా. కాగితం అయిపోయేదాకా ఇంతే. ఊళ్లో చుక్క క్లోరిన్ లేకపోయినా ఇంతే."

ఈ ఊరివాళ్లలో పది మందికి కూడా ప్రోగ్రామ్ అంటే ఏమిటో తెలియదు. కానీ అందరికీ అర్థమైంది.

"ఇప్పుడు మీరు," అంది డెనీజ్. "మీరే రాశారు కదా. అలారం ఏ లైన్లో కొడుతుందో వేలు పెట్టి చూపించండి. చాలు."

బ్రెంట్ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పై నుంచి కిందికి చూశాడు. కింది నుంచి పైకి చూశాడు. పెదవులు కదిలాయి. ఆ చూపు మార్లిస్‌కు బాగా తెలుసు. ప్రశ్న కష్టమైనప్పటి చూపు కాదు. అక్షరాలు పరాయివైనప్పటి చూపు. పద్దెనిమిదేళ్ల పిల్లల మొహాల మీద చూస్తే కోపమొస్తుంది. ఆ పిల్లలు చదవనక్కర్లేదని ఇన్నాళ్లుగా ఊరంతా చెప్పి తిరిగిన మనిషి మొహం మీద చూస్తే కోపం కూడా దండగనిపించింది.

అతని కుడిచెయ్యి దానంతటదే కోటు జేబులోకి వెళ్లింది. ఫోన్ సగం బయటికి వచ్చింది.

"ఫోన్ వద్దు," అంది డెనీజ్.

"ఒక్క నిమిషం, సరిచూసుకుని..."

"మీరు రాసింది మీరు సరిచూసుకోడానికి ఫోనెందుకు? ఐదు లైన్లు. వెండెల్ చదివాడు. అతని మార్కులెన్ని మార్లిస్?"

"అత్తెసరు," అంది మార్లిస్.

అప్పుడు నవ్వారు హాల్లో. చిన్న నవ్వే. కానీ బ్రెంట్ దాన్ని తట్టుకోలేకపోయాడు. పదకొండు మంది మంచాన పడితే తట్టుకున్నవాడు, ఒకరి బతుకు తీసి కాగితం మీద పెట్టి సంతకం చేసినవాడు, నవ్వు దగ్గర కూలబడ్డాడు. ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టాడు. పసుపు కాగితాన్ని దాని మీద పెట్టాడు. వెండెల్ వైపు చూడలేదు.

"నాకు చదవడం రాదు," అన్నాడు. "సరేనా? తృప్తిగా ఉందా? నాకు ఇది చదవడం రాదు. నేను చివరిసారి ఒక ప్రోగ్రామ్ చదివింది నేను కాలేజీలో చదువుకునేటప్పుడు. అప్పుడూ పక్కవాడు అర్థం చెబితేనే. ఆ తర్వాత అన్నీ మీటింగులే. ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్లలో ఒక్కరు కూడా, బ్రెంట్, ఇది చదువు అని అనలేదు. మీ ప్లాంటు పని ఒప్పుకున్నాక ఏం అడగాలో కూడా నాకు తెలీలేదు. ఈవిడ ప్రశ్నపత్రం గుర్తొచ్చింది, అందులో మీ ట్యాంకు వివరాలన్నీ ఉన్నాయి. మొత్తం కాపీ చేసి ఏఐలో అతికించాను. పది నిమిషాల్లో వచ్చేసింది. నడిపి చూస్తే పచ్చ లైటు వెలిగింది. ఏఐ నన్ను అడిగింది కూడా. రీడింగ్ రానప్పుడు ఒకటీ పాయింట్ రెండు వేయమన్నారు, దీనివల్ల అలారం మోగదు, నిజంగా ఇలాగే కావాలా అని అడిగింది. ఆ సమాధానం రెండు పేజీలుంది. నేను చదవలేదు. సరే అని నొక్కాను. మంచం పట్టిన వాళ్ల సంగతి తెలిశాక, ఆ సోమవారం మధ్యాహ్నం వెనక్కి వెళ్లి, అప్పుడు చదివాను. అప్పుడు తెలిసింది. టర్నిప్ అనే మాట పట్టించుకోలేదు గానీ అలారం ఎందుకు మోగలేదో అంతా తెలిసింది. నివేదిక రాసింది ఆ తర్వాతే. అది కూడా దానిచేతే రాయించాను. తప్పు ఆపరేటర్ మీదికి పోయేలా రాయమన్నాను. అలా రాయడం న్యాయం కాదంది. మాటలు మార్చి మళ్లీ అడిగాను. వెండెల్ క్లోరిన్ అలారమేదీ ఆపలేదు. ఆపడానికి అక్కడ అలారమే లేదు. ఆ సంగతి సంతకం చేసేటప్పుడు నాకు తెలుసు."